హక్కుల బాట – 9వ భాగం: ఓట్లలో ఓడి, చట్టంలో గెలిచి

గత భాగంలో తైవాన్‌కు చెందిన చి చియా-వెయ్ కథ సగంలో ఆపాం. 38 ఏళ్లు సైనిక శాసనం కింద నలిగిన దేశమది. ఆ శాసనం ఎత్తేయడానికి ఏడాది ముందే, 1986లో, తైపీలోని ఒక మెక్‌డొనాల్డ్స్‌లో విలేకరులను కూర్చోబెట్టి తాను స్వలింగ ప్రేమికుణ్ణని బాహాటంగా చెప్పిన యువకుడాయన. అదే ఏడాది తన సహచరుణ్ణి పెళ్లి చేసుకోవడానికి దరఖాస్తు పెట్టారు. కుదరదన్నారు. శాసన సభకు అర్జీ పెట్టుకుంటే, ఇటువంటివాళ్లు కామం తీర్చుకోవడానికి సమాజ మర్యాదను కాలరాసే కొద్దిమంది వికృతులు అనే ధోరణిలో జవాబు వచ్చింది. దోపిడీ నేరం మోపి ఐదు నెలలు లోపల పెట్టారు. బయటికొచ్చాక కూడా ఆయన పట్టు విడవలేదు. 2000లో రాజ్యాంగ న్యాయమూర్తుల తలుపు తట్టారు. మరుసటి ఏడాది వాళ్లు విచారణకైనా తీసుకోకుండా అర్జీని తిప్పి పంపేశారు.

అక్కడి నుంచి 2019 దాకా సాగిన పోరాటం ఈ భాగంలో చెప్పుకుందాం. ఇందులో ఒక కోర్టు తీర్పు ఉంది, ఒక ఘోర పరాజయం ఉంది, ఆ పరాజయం తర్వాత ఆర్నెల్లకే వచ్చిన చట్టమూ ఉంది. మెజారిటీ ప్రజలు వద్దన్నాక కూడా ఒక ప్రజాస్వామ్య దేశం ఆ చట్టం ఎలా చేయగలిగింది, చేయడం న్యాయమేనా అన్నది ఈ కథకు ఆయువుపట్టు.

చీకటి పార్కు నుంచి పట్టపగటి వీధికి

తైపీ నడిబొడ్డున, అధ్యక్ష భవనానికి కూతవేటు దూరంలో ఒక పార్కు ఉంది. ఆ రోజుల్లో న్యూ పార్క్ అనేవారు, ఇప్పుడది 228 శాంతి స్మారక పార్కు. పొద్దుగూకాక అక్కడి చెట్ల కింద, కొలను చుట్టూ, ఇంట్లో చెప్పుకోలేని మగవాళ్లు ఒకరినొకరు వెతుక్కునేవారు. రచయిత పాయ్ హ్సియెన్-యుంగ్ 1983లో పుస్తకంగా తెచ్చిన ‘క్రిస్టల్ బాయ్స్’ నవల ఆ పార్కు పిల్లల కథే. తండ్రి ఇంట్లోంచి తరిమేసిన కుర్రవాడు అందులో నాయకుడు.

1987 జులైలో సైనిక శాసనం పోయింది. పత్రికలకు, సంఘాలకు ఊపిరి ఆడింది. 1990లో స్త్రీలను ప్రేమించే స్త్రీలు తొలి సంఘం పెట్టుకున్నారు. 1993లో నేషనల్ తైవాన్ యూనివర్సిటీ విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడ్డారు. 1998లో ఫోన్ చేసి గోడు చెప్పుకోవడానికి ఒక హాట్‌లైన్ వచ్చింది. 1996 నవంబరులో రచయిత హ్సు యు-షెంగ్ తన సహచరుణ్ణి తైపీలో అందరి ముందూ పెళ్లాడారు. అతిథులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి, చట్టం మాత్రం అటు చూడలేదు. ఆ మరుసటి ఏడాదే పార్కు పక్కన చాంగ్‌దె వీధిలో నడిచి వెళ్తున్న మగవాళ్లను పోలీసులు గుంపుగా స్టేషన్‌కు లాక్కెళ్లి ఫోటోలు తీశారు. స్వేచ్ఛ వచ్చిందని చట్టాలు చెబుతున్నా, ఆ స్వేచ్ఛ పోలీస్ స్టేషన్ గుమ్మం దాకా ఇంకా చేరలేదు.

ఆ కాలంలో దేశాన్ని కదిలించింది మాత్రం దక్షిణాన పింగ్‌తుంగ్‌లో ఒక పల్లెటూరి బడి. మృదువుగా మాట్లాడతాడని, ఆడపిల్లలా ఉన్నాడని ఒక 15 ఏళ్ల అబ్బాయిని తోటి మగపిల్లలు వేధించేవారు. ఆడో మగో చూస్తామంటూ మరుగుదొడ్డిలో పట్టుకునేవారు. ఆ భయంతో బడి విరామంలో వెళ్లడం మానేసి, పాఠం జరుగుతుండగా టీచర్‌ను అడిగి, ఎవరూ లేనప్పుడు వెళ్లి వచ్చేవాడు. 2000 ఏప్రిల్ 20న అలాగే వెళ్లాడు. కాసేపటికి నెత్తుటి మడుగులో కనిపించాడు, ప్రాణం దక్కలేదు. పొలం పనులు చేసుకునే తల్లి కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. బడుల్లో లింగ సమానత్వం నేర్పాలని 2004లో చట్టం రావడానికి ఆ బాలుడి చావే ముఖ్య కారణం. కొడుకు పోయిన పదేళ్లకు ఆ తల్లి స్వలింగ ప్రేమికుల ఊరేగింపు వేదికెక్కి, నా బిడ్డను కాపాడుకోలేకపోయాను, మిమ్మల్నయినా కాపాడుకోవాలని వచ్చాను అనే అర్థంలో మాట్లాడింది. ఈ 2004 చట్టాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని మీద దాడి ముందుంది.

2003 నవంబరు 1న తైపీలో తొలి ప్రైడ్ ఊరేగింపు జరిగింది. వచ్చినవాళ్లు కొన్ని వందల మంది. వాళ్లలో ముఖాలకు ముసుగులు తొడుక్కున్నవాళ్లూ ఉన్నారు. అదే ఊరేగింపు కొన్నేళ్లలో లక్ష మందిని దాటి తూర్పు ఆసియాలోనే పెద్దదయింది. ఏటా ఎత్తయిన చోటు ఎక్కి ఇంద్రధనుస్సు జెండా ఊపే ఒక మనిషి కనిపించేవారు. ఆయన మన చి చియా-వెయ్.

గుర్తింపు కార్డు వెనక ఒక గడి

కలిసి బతకడానికి అడ్డు లేనప్పుడు పెళ్లే ఎందుకు కావాలి? అప్పట్లో తైవాన్‌లో చాలామంది మంచివాళ్లు కూడా ఈ ప్రశ్న అడిగారు. జవాబు అక్కడి రోజువారీ బతుకులోనే ఉంది.

తైవాన్‌లో ప్రతి మనిషి పుట్టుక, పెళ్లి, విడాకులు, చావు వార్డు స్థాయిలోని కుటుంబ నమోదు కార్యాలయంలో రాసి ఉంటాయి. 2008 మే నుంచి అక్కడ పెళ్లంటే విందు కాదు, తంతు కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలున్న కాగితం పట్టుకెళ్లి ఆ కార్యాలయంలో నమోదు చేయించుకుంటేనే పెళ్లి. అప్పుడు జాతీయ గుర్తింపు కార్డు వెనకవైపు తల్లిదండ్రుల పేర్ల దగ్గరే జీవిత భాగస్వామి పేరు చేరుతుంది. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు సంతకం, బీమా, పింఛను, ఇంటి వారసత్వం, బిడ్డ మీద హక్కు అన్నీ ఆ ఒక్క గడి మీద ఆధారపడి ఉంటాయి. ఆ గడి ఖాళీగా ఉంటే ముప్పై ఏళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లు కూడా చట్టం దృష్టిలో పరాయివాళ్లే.

దీనికి తోడు పితృదేవతల పీఠం. అక్కడి ఇళ్లలో పూర్వీకుల పేర్లు చెక్కిన ఫలకాల ముందు ధూపం వేస్తారు. ఆ ఆరాధన కొనసాగించడానికి కొడుకు, ఆ కొడుక్కి పెళ్లి, ఆ పెళ్లికి సంతానం కావాలి. తద్దినం పెట్టే కొడుకు కోసం మన పెద్దలు పడే ఆరాటం లాంటిదే ఇది. అందుకే కొడుకు విషయం తెలిసిన తల్లిదండ్రులను కుంగదీసే దిగుల్లో మతం పాలు తక్కువ, వంశం పాలు ఎక్కువ.

నిజానికి తైవాన్ ప్రజల్లో ఎక్కువమంది కొలిచే బౌద్ధ, తావో సంప్రదాయాలు ఈ విషయంలో అంత కఠినంగా లేవు. తైపీ శివారులో 2006లో ఒక తావో పూజారి కుందేలు దేవుడికి గుడి పెట్టారు. స్వలింగ ప్రేమికులు అక్కడ సంబంధం కుదరాలని మొక్కుకుంటారు. 2012లో తావోయువాన్‌లోని ఒక బౌద్ధ విద్యాలయంలో భిక్షుణి షిహ్ చావో-హ్వెయ్ దగ్గరుండి ఇద్దరు స్త్రీలకు పెళ్లి జరిపించారు. గుడి ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది రిజిస్టర్.

రెండు శిబిరాలు

ఈ పోరాటానికి బలం ఇచ్చింది స్త్రీల ఉద్యమం. తైవాన్ పౌరస్మృతిలో పాతకాలపు నియమాలు చాలా ఉండేవి. పిల్లల విషయంలో తల్లిదండ్రులకు మాట పడకపోతే తండ్రి మాటే చెల్లుతుందని ఒక నియమం. 1994లో రాజ్యాంగ న్యాయమూర్తులు అది సమానత్వానికి విరుద్ధమని కొట్టేశారు. ఇంటి లోపలి చట్టాన్ని కూడా రాజ్యాంగం ముందు నిలబెట్టి ప్రశ్నించవచ్చని ఆ తీర్పు మహిళా న్యాయవాదులకు నేర్పింది. వాళ్లలో ఒకరైన యు మెయ్-ను తర్వాత డెమొక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ, అంటే డీపీపీ, తరఫున సభలో అడుగుపెట్టారు. 2009లో ఏర్పడిన భాగస్వాముల హక్కుల కూటమిని నడిపిన విక్టోరియా హ్సు కూడా న్యాయవాదే.

సభలో దారి మాత్రం ముళ్లదారి. 2006లో హ్సియావ్ బీ-ఖిమ్ అనే డీపీపీ సభ్యురాలు తొలి స్వలింగ వివాహ బిల్లు పెట్టారు. చర్చకు రాకముందే కార్యక్రమాల సంఘంలో దాన్ని ఆపేశారు. 2013 అక్టోబరులో మరో బిల్లు వచ్చింది. ఆ నవంబరు 30న కుటుంబ విలువలను కాపాడాలంటూ వ్యతిరేకులు అధ్యక్ష భవనం ముందు భారీ సభ పెట్టారు. ఆ బిల్లూ మూలన పడింది.

వ్యతిరేక శిబిరానికి వెన్నెముక క్రైస్తవ చర్చిలు. జనాభాలో క్రైస్తవులు కొద్ది శాతమే. అయినా వాళ్లకు క్రమశిక్షణ ఉంది, డబ్బుంది, ఆదివారం ఆదివారం కలిసే జనం ఉంది. అప్పటి పాలక పక్షం కువోమింతాంగ్‌లోని సంప్రదాయవాదులు వారికి తోడు. డీపీపీలోనూ దక్షిణ పల్లెల నుంచి గెలిచినవారు ఈ మాట ఎత్తితే ఓట్లు పోతాయని జంకేవారు. ఒక పార్టీ పూర్తిగా ఇటు, మరో పార్టీ పూర్తిగా అటు అన్న పరిస్థితి ఎన్నడూ లేదు. గీత రెండు పార్టీల లోపలా ఉంది, వయసుల మధ్యా ఉంది. ఇరవైల్లో ఉన్నవాళ్లు అవునంటే, అరవైల్లో ఉన్నవాళ్లు కాదన్నారు.

2013లోనే చి తన సహచరుడితో తైపీలోని వాన్‌హువా ప్రాంత నమోదు కార్యాలయానికి వెళ్లారు. పౌరస్మృతి ప్రకారం పెళ్లి ఒక స్త్రీకి, ఒక పురుషుడికి మధ్యే జరగాలంటూ గుమస్తాలు కాగితాలు తిప్పి ఇచ్చేశారు. ఈసారి ఆ తిరస్కరణే ఆయనకు ఆయుధమైంది. తిరస్కరణ ఉత్తర్వు మీద పరిపాలనా కోర్టులకు వెళ్లి, అక్కడ ఓడిపోయి, కింది మెట్లన్నీ ఎక్కేశానని చూపించి 2015లో మళ్లీ రాజ్యాంగ న్యాయమూర్తులను ఆశ్రయించారు. వెంట విక్టోరియా హ్సు బృందం ఉంది. అదే ఏడాది తైపీ నగర ప్రభుత్వం కూడా, ఇలాంటి దరఖాస్తులు మాకు వస్తున్నాయి, మేమేం చేయాలో చెప్పండని అదే కోర్టును అడిగింది. అంతకుముందే కావోష్యుంగ్ నగరం స్వలింగ జంటల పేర్లను తన రికార్డుల్లో రాసుకోవడం మొదలెట్టింది. ఆ రాతకు చట్టబలం అంతంతమాత్రమే, కానీ ఒక ప్రభుత్వ కార్యాలయం రాయడం అదే మొదలు.

ఒక అధ్యాపకుడి మరణం

2016 జనవరిలో త్సాయ్ ఇంగ్-వెన్ తైవాన్ తొలి మహిళా అధ్యక్షురాలిగా గెలిచారు. ప్రచారంలో వివాహ సమానత్వానికి బాహాటంగా మద్దతు పలికిన నాయకురాలామె. సభలోనూ డీపీపీకి తొలిసారి మెజారిటీ వచ్చింది. ఆశలు పెరిగాయి. నెలలు గడిచాయి, బిల్లు రాలేదు.

2016 అక్టోబరు 16న ఝాక్ పికూ అనే ఫ్రెంచి అధ్యాపకుడు తైపీలో తన భవనం పైనుంచి పడి చనిపోయారు. వయసు 67. నేషనల్ తైవాన్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఫ్రెంచి చెప్పిన మనిషి, తైవాన్ సినిమాలకు ఫ్రెంచి ఉపశీర్షికలు రాసిన మనిషి. 35 ఏళ్లు కలిసి బతికిన సహచరుడు అంతకు ఏడాది ముందు క్యాన్సర్‌తో పోయారు. ఆఖరి రోజుల్లో చికిత్స ఎలా సాగాలో చెప్పే అధికారం పికూకు లేదు. ఇద్దరూ కాపురమున్న ఇంటి మీద హక్కూ దక్కలేదు. ఆ దిగులుతోనే ప్రాణం తీసుకున్నారని స్నేహితులు నమ్మారు. ఆయన విద్యార్థులు దేశమంతా ఉన్నారు. అప్పటిదాకా వాదనగా విన్న విషయం వాళ్లకు తమ మాస్టారి చావై ఎదుట నిలిచింది.

కొద్ది రోజులకే యు మెయ్-ను పౌరస్మృతిని సవరించే బిల్లుతో ముందుకొచ్చారు. వీధులు రెండు రంగులయ్యాయి. డిసెంబరు 3న తెల్ల దుస్తుల్లో వ్యతిరేకులు పోగయ్యారు. డిసెంబరు 10న, మానవ హక్కుల దినాన, అధ్యక్ష భవనం ముందున్న కెటగలాన్ బులవార్డ్ ఇంద్రధనుస్సు జెండాలతో నిండిపోయింది. రెండున్నర లక్షల మంది వచ్చారని నిర్వాహకులు చెప్పారు. నెలాఖరుకు బిల్లు కమిటీ గడప దాటింది. అక్కడే ఆగింది. పార్టీ పెద్దలు కోర్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

పూర్వీకుల ఫలకం మీద ఏం రాయాలి?

2017 మార్చి 24న రాజ్యాంగ న్యాయస్థానంలో వాదనలు జరిగాయి. దేశమంతా ప్రత్యక్ష ప్రసారంలో చూసింది. న్యాయమూర్తులు 15 మందిలో ఏడుగురు త్సాయ్ నియమించినవారు, మిగిలినవారు అంతకుముందు అధ్యక్షుడు మా యింగ్-జియో కాలంవారు. వాళ్లలో హువాంగ్ జుయి-మింగ్ ఈ కేసు వినకుండా తప్పుకున్నారు. బిల్లు పెట్టిన యు మెయ్-ను ఆయన భార్య. మిగిలిన 14 మంది బల్ల ముందు కూర్చున్నారు.

ప్రభుత్వం తరఫున లేచినవారు న్యాయశాఖ మంత్రి చియు తాయ్-సాన్. అధ్యక్షురాలు సమానత్వం పక్షాన ఉన్నారు, ఆమె మంత్రి పాత చట్టం పక్షాన వాదించారు. చట్టంలో ఉన్నదాన్ని సమర్థించడం తన శాఖ విధి అన్నది ఆయన వైఖరి. వేల ఏళ్లుగా పెళ్లంటే ఆలుమగల బంధమేనని, దాన్ని ఒక్క వేటుతో మార్చకూడదని చెప్పుకొచ్చారు. ఆ క్రమంలో ఒక ప్రశ్న వేశారు. ఇద్దరూ మగవాళ్లయితే, ఇద్దరూ ఆడవాళ్లయితే, చనిపోయాక పూర్వీకుల ఫలకం మీద వాళ్లను తండ్రి, తల్లి అని ఎలా రాస్తారు? అత్తమామలు కోడలిని ఏమని పిలవాలి, అల్లుణ్ణి ఏమని పిలవాలి?

కుర్రకారు ఆ ప్రశ్నను ఎగతాళి చేశారు. కానీ ఆ ప్రశ్న వెనక లక్షల ఇళ్లలోని బెంగ ఉంది. వరుసలు తప్పితే కుటుంబం ఏమవుతుందన్న ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దానికి సమాధానం చెప్పి తీరాలి, చెప్పవచ్చు కూడా. పిలుపులు మనుషులు కల్పించుకున్నవి, అవసరాన్ని బట్టి కొత్తవి కల్పించుకోగలరు. పోయిన సహచరుడి శవం దగ్గర సంతకం పెట్టే హక్కు మాత్రం ఎవరికివారు కల్పించుకోలేరు, రాజ్యమే ఇవ్వాలి.

రెండు నెలలకు, 2017 మే 24 సాయంత్రం నాలుగింటికి, 748వ వ్యాఖ్యానం అన్న పేరుతో తీర్పు వెలువడింది. శాసన సభ పక్కన చింగ్‌దావో ఈస్ట్ రోడ్డు మీద వేలమంది తెరల ముందు నిలబడి విన్నారు. ఇద్దరు స్త్రీలు గానీ ఇద్దరు పురుషులు గానీ పెళ్లి చేసుకోనివ్వకపోవడం రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇచ్చే వివాహ స్వేచ్ఛకు, 7వ అధికరణం ఇచ్చే సమానత్వానికి విరుద్ధమని న్యాయమూర్తులు తేల్చారు. పిల్లలు పుట్టాలన్న షరతు పౌరస్మృతిలో మామూలు పెళ్లికే లేనప్పుడు, దాన్ని వీళ్లకు అడ్డంగా పెట్టడం కుదరదన్నారు. రెండేళ్లలో చట్టం మార్చాలని, మార్చకపోతే ఇద్దరు సాక్షుల సంతకాలతో ఏ జంటయినా నేరుగా వెళ్లి నమోదు చేయించుకోవచ్చని గడువు విధించారు. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. ఆసియాలో ఇటువంటి తీర్పు ఇదే మొదటిది.

ఆ తీర్పులో రెండు మాటలు ఈ కథకు ముఖ్యం. మొదటిది, అర్జీదారు 30 ఏళ్లకు పైగా ప్రభుత్వపు మూడు శాఖల తలుపులూ తడుతున్నాడని న్యాయమూర్తులు రాసిపెట్టారు. వికృతుడన్న ముద్రతో వెనక్కి పంపిన అర్జీకి 31 ఏళ్ల తర్వాత అందిన జవాబు అది. రెండోది, వీళ్లు సంఖ్యలో కొద్దిమంది, చాలాకాలం బయటపడలేక బతికారు, మామూలు ఎన్నికల దారిలో తమ స్థితిని మార్చుకోవడం వీళ్లకు కష్టం అన్నారు. ఆ మాట ఎంత నిజమో ఏడాదిన్నరలో తేలిపోయింది.

2018 నవంబరు 24

2017 చివర్లో తైవాన్ తన ప్రజాభిప్రాయ సేకరణ చట్టాన్ని సులభం చేసింది. సుమారు 2.8 లక్షల సంతకాలు తెస్తే చాలు, ఒక ప్రశ్నను ఓటుకు పెట్టొచ్చు. ప్రజాస్వామ్యాన్ని ఇంకా లోతుగా పాదుకొల్పాలన్న డీపీపీ పాత కల అది. ఆ తలుపులోంచి మొదట దూసుకొచ్చింది వ్యతిరేక శిబిరమే. పౌరస్మృతిలో పెళ్లి స్త్రీ పురుషులకే పరిమితం కావాలా? స్వలింగ జంటలకు పెళ్లి కాక వేరే రూపంలో రక్షణ ఇవ్వాలా? బడుల్లో స్వలింగత్వం గురించి చెప్పడం ఆపేయాలా? ఈ మూడో ప్రశ్న గురి పింగ్‌తుంగ్ బాలుడి పేరు మీద వచ్చిన 2004 చట్టం మీదే. సమానత్వం కోరేవాళ్లు గత్యంతరం లేక ఎదురు ప్రశ్నలు రెండు పెట్టారు.

ప్రచారం ఇళ్ల లోపలే సాగింది. లైన్ అనే మెసేజ్ యాప్‌లోని కుటుంబ గ్రూపుల్లో, ఈ చట్టం వస్తే దేశంలో ఎయిడ్స్ పెరుగుతుందని, ఆరోగ్య బీమా కూలిపోతుందని, అమ్మానాన్న అన్న పిలుపులు పోతాయని పొద్దున్నే సందేశాలు వచ్చేవి. పంపేవాళ్లు బయటివాళ్లు కాదు, మేనత్తలు, బాబాయిలు. రెండో పక్షాన చిన్న తేనెటీగలన్న పేరుతో వాలంటీర్లు కూరగాయల మార్కెట్ల దగ్గర, మెట్రో స్టేషన్ల బయట అట్టలు పట్టుకుని నిలబడి, ఆగినవాళ్లతో ఓపికగా మాట్లాడేవారు. తైవాన్‌లో ఓటు వేయాలంటే పేరు నమోదైన సొంత ఊరికే వెళ్లాలి. తైపీలో చదువుకునే, ఉద్యోగాలు చేసే పిల్లలు రైళ్లెక్కి ఊరికి వెళ్లి, తమకు వ్యతిరేకంగా ఓటేయబోతున్న తల్లిదండ్రుల ఇంట్లో ఆ రాత్రి పడుకుని, పొద్దున వాళ్లతోపాటే వరుసలో నిలబడ్డారు.

స్థానిక ఎన్నికలు, పది ప్రజాభిప్రాయ ప్రశ్నలు ఒకేరోజు కావడంతో క్యూలు బారులు తీరాయి. రాత్రికి లెక్క తేలింది. పెళ్లి స్త్రీ పురుషులకే పరిమితమన్న ప్రశ్నకు సుమారు 76.5 లక్షల మంది అవునన్నారు, నూటికి 72 మందికి పైనే. పౌరస్మృతిలోనే సమాన పెళ్లి కావాలన్న ప్రశ్నకు దక్కినవి సుమారు 33.8 లక్షలు. బడి పాఠాల మీద ప్రశ్నలోనూ ఓటమే. స్థానిక ఎన్నికల్లో డీపీపీ చిత్తుగా ఓడింది. త్సాయ్ పార్టీ అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఆ రాత్రి ఎందరో యువతీ యువకులకు, వరుసలో తమ ముందూ వెనకా నిలబడ్డవాళ్లలో మూడొంతుల మంది తమను కాదన్నారని అంకెల్లో తెలిసింది. హాట్‌లైన్ ఫోన్లు ఆగకుండా మోగాయి.

వానలో నిలబడ్డ జనం

ఇప్పుడు ప్రభుత్వం ముందు రెండు ఆజ్ఞలున్నాయి. 2019 మే 24లోగా పెళ్లి హక్కు ఇవ్వాలని కోర్టు చెప్పింది. పౌరస్మృతి జోలికి పోవద్దని ఓటర్లు చెప్పారు. రాజ్యాంగ వ్యాఖ్యానాన్ని ప్రజాభిప్రాయ ఓటు రద్దు చేయలేదని న్యాయవ్యవస్థ స్పష్టం చేసింది. ప్రధాని సు త్సెంగ్-చాంగ్ మధ్యేమార్గం వెతికారు. పౌరస్మృతిని ముట్టుకోకుండా, 748వ వ్యాఖ్యానం అమలు చట్టం అన్న పేరుతో ప్రత్యేక బిల్లును 2019 ఫిబ్రవరిలో బయటపెట్టారు. ఇరు పక్షాలనూ రెచ్చగొట్టని పేరు కోసం, అసలు ఆ పేరులో పెళ్లి మాటే లేకుండా చూశారు. లోపల మాత్రం పెళ్లి ఇచ్చే హక్కులు చాలావరకు ఉన్నాయి.

వ్యతిరేకులు మరో రెండు బిల్లులు తెచ్చారు. పెళ్లి అనకుండా కుటుంబ బంధమనో, కలయిక అనో రాసి సరిపెట్టాలని వాటి ఉద్దేశం. అందుకే అసలు పోరు నాలుగో సెక్షన్ దగ్గర జరిగింది. జంటలు నమోదు కార్యాలయంలో వివాహ నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పేది ఆ సెక్షనే. అది పోతే గుర్తింపు కార్డు వెనక గడి మళ్లీ ఖాళీ.

2019 మే 17, శుక్రవారం. తైపీలో కుండపోత. శాసన సభ బయట చింగ్‌దావో ఈస్ట్ రోడ్డు మీద సుమారు 40 వేల మంది రెయిన్‌కోట్లు వేసుకుని, గొడుగుల కింద నిలబడి తెరల మీద ఓటింగ్ చూస్తున్నారు. లోపల డీపీపీ సభ్యుల్లో చాలామందికి ఎనిమిది నెలల్లో ఎన్నికలు, నియోజకవర్గాల్లో చర్చిల హెచ్చరికలు. సెక్షన్ తర్వాత సెక్షన్ ఓటుకు వచ్చింది. మధ్యాహ్నం నాలుగో సెక్షన్ 66–27 ఓట్లతో నెగ్గింది. కువోమింతాంగ్ సభ్యులు కొందరు కూడా పార్టీ మాట పక్కనపెట్టి అనుకూలంగా ఓటేశారు. వీధిలో తడిసిన జనం ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు. బిల్లు మొత్తంగా ఆ రోజే సభ దాటింది.

మే 24న చట్టం అమల్లోకి వచ్చింది. తొలిరోజే 526 జంటలు నమోదు చేసుకున్నాయి, వాటిలో 341 స్త్రీల జంటలు, 185 పురుషుల జంటలు. తైపీ షిన్‌యీ ప్రాంత నమోదు కార్యాలయం బయట పందిళ్లు వెలిశాయి. లోపల గుమస్తా కొత్త కార్డులు అచ్చువేసి ఇస్తుంటే, జంటలు వాటిని తిప్పి వెనకవైపు కెమెరాలకు చూపించాయి. గడిలో పేరుంది. మర్నాడు అధ్యక్ష భవనం ముందు రోడ్డు మీదే బల్లలు వేసి పెళ్లి విందు పెట్టారు.

ఆ తర్వాత

చట్టంలో లొసుగులు మిగిలాయి. భాగస్వామి కన్నబిడ్డను తప్ప వేరే బిడ్డను జంటగా దత్తత తీసుకునే వీలుండేది కాదు. ఇటువంటి పెళ్లిని గుర్తించని దేశస్థుడిని పెళ్లాడే వీలూ ఉండేది కాదు. దత్తత అడ్డంకిని 2023 మేలో సభ తొలగించింది. విదేశీ భాగస్వాముల విషయంలో అదే ఏడాది జనవరిలో ప్రభుత్వం చాలావరకు దారి తెరిచింది. 2020 అక్టోబరులో సైన్యం జరిపే సామూహిక వివాహాల్లో తొలిసారి రెండు స్త్రీల జంటలు నిలబడ్డాయి.

ఓట్లు పోతాయన్న భయం సంగతి? 2020 జనవరిలో త్సాయ్ 81.7 లక్షల ఓట్లతో మళ్లీ గెలిచారు. ప్రభుత్వం చేయించిన సర్వేల్లో స్వలింగ వివాహానికి మద్దతు 2018లో 37.4 శాతం ఉంటే, 2021లో 60.4 శాతానికి పెరిగింది. పక్కింట్లో పెళ్లి జరిగింది, తమ సంసారానికేమీ కాలేదు. వరుసలు తలకిందులు కాలేదు, ఫలకాల ముందు ధూపం ఆగలేదు. 2018లో కాదన్నవాళ్లలో చాలామందికి అసలు తెలియనిది ఈ అనుభవమే. దాన్ని ముందు ఇచ్చి, తర్వాత అడిగినప్పుడు వాళ్ల జవాబు మారింది.

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. చట్టం చేయడం న్యాయమే. ప్రజల మాటకు విలువ లేక కాదు. పన్నులెంత, రోడ్లెక్కడ, ఎవరు పాలించాలి అన్నవి ఓటుతో తేల్చుకోవాల్సినవి. కొద్దిమంది పౌరులకు మిగిలినవారితో సమానంగా ఇల్లు కట్టుకునే హక్కుందా అన్నది ఆ మిగిలినవారి ఓటుకు పెట్టాల్సిన ప్రశ్న కాదు. తైవాన్‌లో ఒక మనిషి 33 ఏళ్లు అడిగాడు, న్యాయమూర్తులు తమ పని తాము చేశారు, ఓడిపోతామని భయపడిన సభ్యులు కూడా చివరికి రాజ్యాంగం వైపు నిలబడ్డారు. ఈ మూడింట్లో ఏది లోపించినా 526 జంటలు ఆ రోజు ఆ వరుసలో నిలబడేవి కావు.

వచ్చే భాగంలో మన ఉపఖండానికి వద్దాం. 2007 డిసెంబరులో నేపాల్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మొదలుపెట్టి, 2023 అక్టోబరు 17న ఢిల్లీలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్లి హక్కు ఇవ్వలేమని, ఆ పని పార్లమెంటుదని చెప్పిన రోజు దాకా వెళ్దాం. తైపీలో కోర్టు వేసిన అడుగు ఢిల్లీలో ఎందుకు పడలేదో చూద్దాం. ఆ ఢిల్లీ కేసులో మొదటి అర్జీదారులు హైదరాబాద్‌లో కాపురముంటున్న జంట.